వినపడని ప్రశ్న

మరమగ్గాలు ఆగాయి. భోజనాల వేళ ముగిసేలోగా పని కానిచ్చుకోమని మేనేజరు గట్టిగా చెప్పడంతో పిల్లలు కాళ్ళూ చేతులూ ఆడక తంటాలు పడుతున్నారు. పొద్దున్నుంచీ ఒక్క షాటూ కుదరలేదు. కెమెరా నిండా దూది నుసి. డాక్యుమెంటరీ తీయడం నేర్చుకుంటున్న ఆ ముగ్గురిలో ప్రశ్నలడిగేది దర్శకురాలు, కెమెరా పట్టేది పొడుగోడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని మైకు పట్టుకున్న మూడో పిల్ల, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న కార్మికురాలి కూతురు.

"ఈ పనిలోకి ఎప్పుడొచ్చారు పిన్నిగారూ?" దర్శకురాలు కాగితంలోకి చూస్తూ అడిగింది.

"ఆఁ, తినేశానమ్మా. మీరు తిన్నారా?"

పొడుగోడు కిసుక్కున నవ్వాడు. దర్శకురాలు తల ఎత్తకుండానే మళ్ళీ అడిగింది.

"పొద్దున వండుకున్నదేలే," అంది తల్లి మొహమాటంగా. ఆమె కళ్ళు కెమెరా వెనక చీకట్లో కూతురి పెదాల కోసం వెతుకుతున్నాయి.

అమ్మ పెదాలు చూసే మాటలు పోల్చుకుంటోందని కూతురికి అప్పుడర్థమైంది. 'ఇటు తిరిగి చెప్పవే, గోడతో మాట్లాడతావేంటి' అని అమ్మ కసురుకునేది ఇందుకా! వెనక నుంచి పిలిస్తే పలకలేదని ఎన్నిసార్లు అలిగి ముడుచుకు పడుకుందో.

ఇంటికి వెళ్ళే దారిలో తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ ముక్క తీసేయించవే. ఆ మగ్గాల మోతలో అందరి చెవులూ ఎంతో కొంత పోయేవే. కానీ బయటపడితే పనిలో ఉంచరు. మా పక్క మగ్గం ఆవిణ్ణి అలాగే పంపేశారు."

కూతురు అడిగితే, తీసేస్తానని దర్శకురాలు చేతిలో చెయ్యేసి మాటిచ్చింది. కానీ వాళ్ళకి సినిమా తీయడం నేర్పే కాలేజీ మాస్టారు ఒప్పుకోలేదు. "ఈ సినిమాకి ప్రాణమే అది," అన్నారు. ఆయనకి ఎదురుచెప్పలేకపోయింది. ఆ సంగతి స్నేహితురాలికి చెప్పే ధైర్యమూ లేకపోయింది.

కాలేజీ హాల్లో దీపాలార్పాక, అందరితోపాటే కూతురూ ఆ దృశ్యం చూసింది. జనం మొదట గొల్లున నవ్వారు. తర్వాత, ఆమెకి వినబడటం లేదని అర్థమై నవ్వులు ఆపేశారు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొచ్చిన తల్లి, తెర మీద తన మొహం చూసి సిగ్గుపడుతూ కూతురి మోచెయ్యి తట్టింది.

"ఎందుకే నవ్వారు? బాగా చెప్పానా?"

కూతురు తల ఊపింది. చప్పట్లు మోగాయి. ముందు వరసలో మేనేజరు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు తల్లిని గేటు దగ్గరే ఆపేశారు. "చెవిటిదాన్ని మిషన్ల మధ్య వదిలితే రేపు పూచీ ఎవరిది?" అన్నాడు మేనేజరు. కాళ్ళావేళ్ళా పడినా కరగలేదు. కొన్నాళ్ళకి మాస్టారి చేత కబురంపాడు: మగ్గాల మోత వల్ల కాదు, పుట్టుకతోనే చెవుడని ఆమె కెమెరా ముందు చెప్పాలి, అది సినిమా చివర అతికించాలి. అలా చేస్తే ఆఫీసు ఊడ్చే పని ఇస్తాడట.

ముగ్గురూ కెమెరా తీసుకుని తల్లి దగ్గరికి ఇంటికొచ్చారు. ఏడ్చి ఏడ్చి దర్శకురాలి కళ్ళు ఉబ్బిపోయాయి. ఇంట్లో నిండుకున్న డబ్బాలు తెలిసిన కూతురే తల్లికి ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా నెమ్మదిగా చెప్పింది.

"రెండు ముక్కలేనమ్మా. చెప్పెయ్. ఇల్లు గడవాలి కదా."

తల్లి ఆ పెదాలని చివరిదాకా చూసింది. కూతురు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మైకు పట్టుకోగానే కెమెరా తిరగడం మొదలైంది.

"నాది పుట్టు చెవుడా?" ఆమె గొంతు తనకి తెలియకుండానే పెద్దదైంది. "ఇది పుట్టినప్పుడు ఎంతకీ ఏడవలేదు. నర్సమ్మ తలకిందులు చేసి నాలుగు దెబ్బలు వేస్తే, అప్పుడు పిల్లికూనలా సన్నగా ఏడ్చింది. గదిలో ఇంకెవరికీ అందకముందే ఆ ఏడుపు నాకు వినబడింది. అది వినలేదని నన్ను చెప్పమంటారా? చెప్పను. ఆ ఊడ్చే పని రాకపోతే మానె. చెప్పనంటే చెప్పను."

"ఆపెయ్యనా?" పొడుగోడు గొణిగాడు.

కూతురు మొహం పక్కకి తిప్పుకుంది. ఆపుకుందామన్నా ఆగలేదు. ఆమె వెక్కిళ్ళు హెడ్‌ఫోన్లలోంచి ఆమెకే వినిపిస్తున్నాయి. తల్లి మాత్రం ఏమీ తెలియక, కెమెరా వైపే సూటిగా చూస్తూ కూర్చుంది.