మెయిళ్లూ, వంటలూ

"దేనికి వాడతారు మేడమ్?" అని కంప్యూటర్ల దుకాణంలో టానిస్ అనే అమ్మాయి అడిగింది. "పెద్దగా ఏం లేదమ్మా. మెయిళ్లూ, వంటలూ చూసుకుంటా," అనేసింది డార్లా. ఎవరూ అనమనలేదు. అలవాటైన నోరు, దానంతటదే అనేసింది. పక్కనున్న మొగుడు గార్త్ "అంతే, అంతే" అని తలాడించాడు.

"అయితే డ్యూయల్ కోర్ చాలు. వంటింట్లో ఇద్దరు మనుషులున్నట్టు. క్వాడ్ కోర్ అంటే నలుగురు. ఒకేసారి బోలెడు పనులు పెట్టుకునేవాళ్లకి అది."

"మా వంటింట్లో ఒక్కత్తే, బానే నెట్టుకొస్తోంది," అన్నాడు గార్త్. డార్లా కూడా నవ్వింది. నవ్వినందుకు చెవులు వేడెక్కాయి.

పాత లాప్‌టాప్ ఎందుకు చచ్చిందో ఆమెకి తెలుసు. కెనడాలోని ఈ సస్కటూన్ చలికి ఇళ్లలో పైపులు పగలడం మొదలైతే ఊరంతా పిలిచేది డార్లా అత్తింటివాళ్లనే. వ్యాన్ల మీద 'కోస్టియుక్ అండ్ సన్స్ ప్లంబింగ్' అని ఉంటుంది. ఆ కొడుకుల్లో గార్త్ ఒకడు. కోడలి ఊసు మాత్రం ఏ వ్యాను మీదా లేదు. ఏ వ్యాను ఎవరింటికెళ్లాలి, పనివాళ్ల జీతాలు, తెప్పించాల్సిన సామాను, అత్తగారి డాక్టరు అపాయింట్‌మెంటు, అన్నీ పెరోగీ కుడుములు ఉడికేలోగా వంటింటి బల్ల మీద ఆమే చూడాలి. అన్నీ ఒక్కసారి తెరిస్తే తెర బిగుసుకుపోయేది. "మిషన్‌ది కాదు తప్పు, నీది. కంగారుపడకు, ఒక్కొక్కటీ చూడు," అనేవాడు గార్త్. "కూర్చుని చేసేదానికి అంత అలసటేంటే?" అనేది అత్తగారు. డార్లా ఆ మాటలు నమ్మింది. తెర ఆగిపోయినప్పుడల్లా సిగ్గుపడి, ఆ మిషన్‌కే సారీ చెప్పేది.

కోటు జేబులో ఫోను మోగింది. "కోస్టియుక్ ప్లంబింగ్, చెప్పండి. బేస్‌మెంటులోకి నీళ్లా? ముందు మెయిన్ వాల్వు కట్టెయ్యండి. స్విచ్చులు ముట్టుకోకండి. మా ప్లంబరు మార్విన్ మీ పక్క వీధిలోనే ఉన్నాడు, పంపిస్తున్నా." పెట్టేసి మార్విన్‌కి కబురు పంపింది.

టానిస్ వింతగా చూసింది. "ఇవన్నీ మీరే చూస్తారా?"

"అబ్బే, ఇంట్లోనే ఉంటుందిగా. ఊరికే ఉన్నప్పుడు ఫోన్లెత్తుతుంది," అన్నాడు గార్త్.

కోపం రావలసిన మాట. కానీ సిగ్గేసింది, తల ఎత్తలేనంత సిగ్గు. ఇందాక తను చెప్పిందీ ఇదేగా? తనే తన పనిని లేదన్నాక, ఉందనడానికి అతనికేం పట్టింది? డార్లా తల ఎత్తింది.

"టానిస్, ఇందాక నీకు అబద్ధం చెప్పాను," అంది. "ఆ కంపెనీ నడిపేది నేనే. క్వాడ్ కోర్‌ది ఇవ్వు."

"డార్లా! నలుగురిలో ఏంటిది?" గార్త్ గొంతు తగ్గించాడు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి డార్లా దాన్ని అతని చేతిలో పెట్టింది. "నువ్వు మాట్లాడు."

గార్త్ హలో అన్నాడు. ఊ, ఊ అన్నాడు. ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి, "మన వ్యాన్లు ఇప్పుడెక్కడున్నాయే?" అని అడిగాడు.

"కంగారుపడకు," అంది డార్లా. "ఒక్కొక్కటీ చూడు."