సీటు కాచిన తువ్వాలు

నేను ఒక తువ్వాలును. చీరాల మగ్గం మీద పుట్టాను. తెల్లని ఒంటికి రెండంగుళాల ఎర్ర అంచు. అంత నిండైన ఎరుపు నా తోటి తువ్వాళ్ళలో దేనికీ లేదని సగర్వంగా చెప్పుకునేదాన్ని. ఒళ్ళు తుడవడానికి నేసినా, మనుషులు నన్ను వాడుకున్నది సీట్లు పట్టడానికే.

నా మొదటి యజమాని వక్కల వ్యాపారి. బస్సు ఆగకముందే కిటికీలోంచి నన్ను సీటు మీదికి విసిరేవాడు. సాటి మనిషి మాట నమ్మని జనం నా మాట మాత్రం కాదనేవారు కారు. ఒకనాడు ఆయన సోడా తాగి వచ్చేలోగా బస్సు కదిలిపోయింది. ఖాళీ సీటును కాస్తూ నేనొక్కదాన్నే ఊరు చేరాను. పక్కసీటులోని సోమశేఖరం గారు నన్ను కండక్టరుకు అప్పగించారు. వారం గడిచినా అడిగేవారు లేకపోవడంతో కండక్టరు నన్ను ఆయనకే ఇచ్చేశాడు.

సోమశేఖరం గారు నీటిపారుదల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ఆయన భార్య నా మూలన నీలిదారంతో చిన్న పువ్వు కుట్టింది. ఐదేళ్ళు ఆయన కుర్చీని అంటిపెట్టుకుని ఉన్నాను. అంతలో ఆయన వెన్నెముకకు క్షయ సోకింది. సెలవు మీద వెళ్ళే రోజున నన్ను కుర్చీలో పరిచి, అటెండరు మార్తమ్మను కాస్త చూస్తూ ఉండమన్నారు.

ఆమె చూసిన తీరు అసామాన్యం. ప్రతి శనివారం ఇంటికి తీసుకుపోయి ఉతికేది. సోమవారం ఉదయం అందరికన్నా ముందే వచ్చి పరిచేది. ఏడో నెలలో కొత్త సూపరింటెండెంటు వచ్చి, లేని మనిషికి కుర్చీ దేనికి, ఆ గుడ్డ తీసెయ్యమన్నాడు.

"సెలవు పెట్టారు గానీ సీటు వదల్లేదండి ఆయన. బస్సులో తువ్వాలేస్తేనే ఎవరూ కూర్చోరు. ఇది గవర్మెంటాఫీసు గదండీ," అంది మార్తమ్మ.

రోజూ బస్సులో తువ్వాలు వేసి వచ్చే ఆ పెద్దమనిషి వెనుదిరిగి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

సెలవు పెట్టిన పదకొండు నెలలకు సోమశేఖరం గారు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు పట్టుకుని, చేతికర్రతో గుమ్మంలోకి వచ్చారు. నా వంక చూశారు. ముఖం వాడిపోయింది. వెళ్ళి అర్జీదారుల బెంచీ మీద కూర్చున్నారు. నాకేమీ అర్థం కాలేదు.

"అక్కడ కూర్చున్నారేంటండీ? మీ సీటు అదిగో," అంది మార్తమ్మ, టీ గ్లాసులతో వస్తూ.

"ఎవరో తువ్వాలు వేసుకున్నారు కదమ్మా. నాది ఎర్రంచుది."

"అది మీదేనండి బాబూ. వారం వారం ఉతికితే ఎరుపు ఉంటదా?"

ఆయన కర్ర ఊతంగా లేచి వచ్చి నా మూల తిప్పి చూశారు. నీలిపువ్వు కనబడింది. ఆ వేళ్ళు చాలాసేపు దానిమీదే ఉండిపోయాయి. తరువాత నన్ను నాలుగు మడతలు వేసి, నడుము వెనుక ఆనించుకుని, మెల్లగా కూర్చున్నారు. పదకొండు నెలలుగా బిగబట్టిన ఊపిరి ఆయన వీపులోంచి నాలోకి దిగినట్లనిపించింది. అంచు రంగు పోయినందుకు నాకు ఆనాటి నుంచి విచారం లేదు.

శనివారం కాకపోయినా, సాయంత్రం ఉతకడానికని మార్తమ్మ చేయి చాచింది.

"ఉండనియ్యమ్మా," అన్నారాయన. "రేపు వస్తాగా."