ఆలస్యమైన చావు కబుర్లు

రేడియోలో మాట్లాడే డారగ్ టాన్సీ నోరు పడిపోవాలని ఫీలిమ్ గెరాటీ రోజూ పొద్దున ట్రాక్టరు తాళం తిప్పేటప్పుడు కోరుకుంటాడు. నోరొక్కటే పడిపోతే చాలదు. ఆ నోట్లో ఉన్న తేనె పూసిన నాలుక కూడా ఎండి ఊడిపోవాలి. ఇదివరకు తాళం తిప్పగానే రేడియో దానంతటదే మోగేది. ఇప్పుడు రేడియో ఉన్న చోట ఒక బొక్క, అందులోంచి వేలాడే రెండు తీగలు మిగిలాయి. తనే పీకి పెంటకుప్ప మీదికి విసిరేశాడు.

అదే టాన్సీ కోసం ఒకప్పుడు ఫీలిమ్ మనుషులతో కయ్యానికి దిగేవాడు. లీట్రిమ్ కౌంటీలో పక్కవాడు ఏ పార్టీకి ఓటేస్తాడో ఎవరూ అడగరు, అది వాడి తాత ముఖం చూసి చెప్పొచ్చు. పొద్దున ఎవరి రేడియో పెడతాడన్నదే అసలు తగాదా. వారం వారం పశువుల సంతలో, కాంటీను బల్ల ముందు, పందిమాంసం క్యాబేజీ పళ్లేల మీద ఆ తగాదా సాగేది.

"టాన్సీగాడు ఎద్దు దగ్గర కూడా పాలు పిండగలడ్రా," అనేవాడు గస్ మోరన్, ఫీలిమ్‌తో బళ్లో ఒకే బెంచీ మీద కూచున్నవాడు. "వాడి దగ్గర నోరు విప్పినోడు చొక్కా లేకుండా ఇంటికొస్తాడు."

"మరి నువ్వు వినే డబ్లిన్ రేడియో ఆవిడో? గడ్డి అని చెప్తే తివాచీ అనుకుంటది."

"ఆవిడ మర్యాద తెలిసిన మనిషి. ఎదుటోడు చెప్పేది వింటది."

"వింటది, నిద్రపోతది. టాన్సీ అట్లా కాదు. మనలాగ బురదలో పుట్టినోడు. పెద్ద పెద్ద ఆఫీసర్లని గుంజకి కట్టేసి అడుగుతాడు."

"అడుగుతాడు సరే. జవాబు వచ్చేలోపు ప్రకటనలు పెడతాడు కదరా."

బంగాళాదుంపలు వడ్డించే ఆవిడ గరిటె ఆపి, "నాకైతే వాడి గొంతు బావుంటది. ఏం చెప్తాడో ఎప్పుడూ విన్లేదు," అంది.

అందరూ నవ్వారు, ఫీలిమ్ తప్ప. పద్నాలుగేళ్లకే బడి మానేసినవాడు ఫీలిమ్. సర్కారు ఆఫీసులో కిటికీ ముందు నిలబడితే మాట గొంతులో గడ్డకట్టేది. తను అనలేని మాటలన్నీ టాన్సీ అంటున్నాడని, తన తరఫునే అంటున్నాడని అతని నమ్మకం. ట్రాక్టరులో ఒంటరిగా కూచున్నవాడికి అంత నమ్మకం కావాలి మరి.

ఇక టాన్సీ పేరెత్తితే భగ్గుమనే మనిషి ఒకావిడ ఉంది. బ్రైడీ హెనెగన్, ఎనభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. ఫీలిమ్ పొలానికి ఆనుకునే ఆవిడ ఇల్లు.

"వాడా? కత్తికి రెండు పక్కలా వెన్న రాసే రకం," అనేది బ్రైడీ. "వాడి గొంతు వింటే నా కోళ్లు గుడ్లు పెట్టవురా. చావు కబుర్లు అవగానే టక్కున కట్టేస్తా."

రోజూ తొమ్మిది దాటాక కౌంటీ రేడియోలో చావు కబుర్లు చదువుతారు. ఎవరు పోయారు, ఏ ఊరు, శవపేటిక ఇంటికి ఎప్పుడొస్తుంది, పూజ ఏ చర్చిలో. ఆ కాసేపు కౌంటీ అంతటా చెంచా కూడా చప్పుడు చేయదు. ఒక్క పేరు వినకుండా పోతే ఒక అంత్యక్రియకి వెళ్లకుండా పోతాం. అది ఆ ఇంటివాళ్లు మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. చావు కబుర్ల వెనకే టాన్సీ సంగీతం మొదలవుతుంది. ఆ సంగీతం మొదటి ముక్కకే బ్రైడీ ఇంట్లో రేడియో ఆగిపోతుందని ఊరందరికీ తెలుసు.

ఫీలిమ్ సొంత భూమి ఇరవై రెండెకరాలు. చెప్పుకోడానికి బాగానే ఉంటుంది. అందులో సగానికి పైగా తుంగ, మిగతాది నీళ్లు. పశువులకి చలికాలం మేత కోసుకునేంత పొడినేల బ్రైడీదే, ఏటి పక్కన ఉన్న తొమ్మిది ముప్పాతిక ఎకరాల మడి. అది లేకపోతే మంద లేదు, మంద లేకపోతే ఫీలిమ్ లేడు. ఏటేటా పదకొండు నెలల కౌలుకి తీసుకునేవాడు. పన్నెండో నెల గేటుకి తాళం వేయాలి. లేకపోతే కౌలుదారు పాతుకుపోతాడని అక్కడి భూస్వాముల భయం. బ్రైడీ పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తాళం వేయలేదు. బదులుగా అతను ఆవిడ కంచెలు బాగుచేశాడు, కాలవలు తవ్వాడు, పొయ్యిలో కాల్చే పీటు మట్టిగడ్డలు మోశాడు.

"నా తర్వాత ఎవడో తినడం దేనికిరా? నీకే అమ్ముతా. ఎండలు రానీ, లాయరు దగ్గరికి పోదాం," అనేది. ఎండలు వచ్చేవి, పోయేవి. అడగడానికి ఫీలిమ్‌కి నోరొచ్చేది కాదు. ఆ అడగలేకపోయినదంతా లోపల పులుస్తూ వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం. తెల్లారుజాము నుంచీ ఒక ఆవు ఈనలేక అవస్థ పడితే ఫీలిమ్ కొట్టంలోనే ఉన్నాడు. దూడ చచ్చి పుట్టింది. చేతులు కడుక్కుని ట్రాక్టరెక్కేసరికి రేడియోలో టాన్సీ మాట్లాడుతున్నాడు. టాన్సీ గొంతు వస్తోందంటే చావు కబుర్లు అయిపోయినట్టే. ఇన్నేళ్లలో ఎప్పుడూ అంతే.

"ముసలివాళ్లు భూమి వదలరు, పడుచువాళ్లు ఊళ్లు వదిలేస్తున్నారు," అంటున్నాడు టాన్సీ. "మీరేమంటారు? ఫోన్ చేయండి. పేరు చెప్పక్కర్లేదు, గుండెలో ఉన్నది చెప్పండి చాలు."

ఫీలిమ్ చెయ్యి ఎప్పుడు ఫోన్ మీదికి పోయిందో అతనికే తెలీదు. స్టేషన్లో ఫోన్లు తీసే అమ్మాయి, ఈడీన్ అంట, పేరేమని చెప్పాలని అడిగింది.

"టామ్ అనమ్మా. రోస్‌కామన్ నుంచి." నోటికొచ్చిన పేరు, పక్క కౌంటీ చెప్పేశాడు.

"టామ్! చెప్పండి టామ్. మనలో మాట," అన్నాడు టాన్సీ చెవిలోకి.

ముందు నెమ్మదిగానే మొదలెట్టాడు. ఒక పెద్దావిడ ఉంది, మడి ఉంది, మాటిచ్చింది అని. టాన్సీ ఊ కొట్టాడు. ఊ కొట్టడంలో వాడికి వాడే సాటి. అయ్యో అన్నట్టూ ఉంటుంది, ఇంకా అన్నట్టూ ఉంటుంది.

"అంత చాకిరీ చేస్తున్నారు, మరి టీ అయినా పోస్తుందా టామ్?"

"పోస్తది. విరిగిన పాలతో. టోపీ తీయిస్తది, మోకాళ్ల మీద కూచోబెట్టి జపమాల మొత్తం చెప్పిస్తది. అది అయితేగానీ గడప దాటనివ్వదు."

టాన్సీ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఫీలిమ్‌కి విస్కీలా ఎక్కింది. తన మాటకి అట్లా నవ్వినవాళ్లు జన్మలో ఎవరూ లేరు.

"ఆవిడ ఇప్పుడు వింటుంటే ఏం చెప్తారు?"

"వినదు సార్. మీరంటే పడదావిడకి."

"నేనంటే పడదా! అయితే ఇంకా మంచిది. వింటుందనుకోండి. ఒకే ఒక్క మాట."

"ఏముందీ, శ్మశానంలో నీ గుంత ఎప్పట్నించో ఎదురుచూస్తంది తల్లీ. నువ్వు పోతావా, నన్ను పంపిస్తావా అంటా."

"అబ్బ! అదీ మాట!" అన్నాడు టాన్సీ. "ఉండండి టామ్. శ్రోతలకి క్షమాపణ. ఈ పొద్దు ఆలస్యమైన మరణ వార్తలు ఇప్పుడు వినండి."

టాన్సీ గొంతు ఆగిపోయింది. ఒక ఆడమనిషి గొంతు చదవసాగింది. మొదటి పేరు పాకీ హెనెగన్. బ్రైడీ బాబాయి కొడుకు. ఆసుపత్రిలో ఉన్నాడని, ఇవాళో రేపో అని ఊళ్లో అనుకుంటున్నవాడే.

ఫీలిమ్ ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాడు. పాకీ పేరు కోసం, పూజ ఏ వేళకో తెలియడం కోసం, బ్రైడీ పొద్దున్నుంచీ రేడియో ముందు కూచునుంటుంది. తన జన్మలో మొదటిసారి టాన్సీని భరిస్తూ కూచునుంటుంది. ట్రాక్టరు అద్దం మీద వాన కొడుతోంది. తుడిచే పుల్ల అటూ ఇటూ ఆడుతోంది. అతను మాత్రం కదల్లేదు.

"టామ్ అంటే సరిపోతదా?" అంది భార్య మజెల్లా, ఇంటికెళ్లగానే. "నీ గొంతు నీ గొడ్లు కూడా గుర్తుపడతాయి. ఏం మనిషివయ్యా నువ్వు! ఆ ముసలామె చేతిలో మన కూడుంటే, ఊరంతా వినేటట్టు ఆమెనే తిట్టొస్తావా?"

"వినదనుకున్నా."

"వినకపోతే అనొచ్చా?"

అతను టోపీ పెట్టుకుని కొట్టంలోకి పోయాడు.

సాయంత్రం పీటు గడ్డల సంచీ భుజాన వేసుకుని బ్రైడీ ఇంటికెళ్లాడు. ఎప్పుడూ వెనక తలుపులోంచి "ఒరేయ్, బూట్లు బయట దులుపుకో" అని కేకేసేది. ఆ రోజు ముందు తలుపు తీసింది.

"రండి గెరాటీ గారూ. లోపలికి రండి," అంది.

అతను సంచీ గడప బయటే దించాడు.

"పెద్దమ్మా, పాకీ సంగతి విన్నా..."

"అవునండీ. రేడియోలో చెప్పారు. కాస్త ఆలస్యంగా చెప్పారు. కూర్చోండి."

బల్ల మీద పూల బొమ్మల పింగాణీ కప్పు పెట్టింది. ఫాదరు వచ్చినప్పుడూ, డాక్టరు వచ్చినప్పుడూ తప్ప అద్దాల బీరువాలోంచి బయటికి రాని కప్పు అది. పంతొమ్మిదేళ్లుగా అతనికి చెవి విరిగిన మగ్గే. ఆ మగ్గు ఎక్కడుందోనని కళ్లతో వెతికాడు, కనబడలేదు.

"పాలు ఈ పూటవేనండీ. కొట్టునుంచి తెప్పించాను," అంది బ్రైడీ.

తాగాడు. ఏ రుచీ తెలియలేదు. తర్వాత టోపీ తీసి, గోడన వేలాడుతున్న జపమాల వైపు చూసి, మోకాళ్లు వంచబోయాడు.

"అక్కర్లేదండీ. మీకు పనులుంటాయి," అంటూ ఆవిడ లేచి వెళ్లి తలుపు తీసి పట్టుకుంది.

"పెద్దమ్మా, రెండు తిట్లు తిట్టు. చెప్పు తీసి కొట్టు."

"ఎంత మాటండీ. మీరు పరాయివాళ్లు, మిమ్మల్ని తిట్టే హక్కు నాకెక్కడిది?"

పాకీ అంత్యక్రియల్లో అందరితోపాటు వరసలో నిలబడి చేయి కలిపాడు. "మీకు వచ్చిన కష్టానికి బాధగా ఉంది," అని అక్కడ అందరూ అనే మాటే అన్నాడు. "వచ్చినందుకు సంతోషమండీ," అందావిడ, ఇంకొకరి వైపు చూస్తూ.

ఆ వారమంతా రేడియో గంట గంటకీ అతని గొంతే వేసింది. 'నువ్వు పోతావా, నన్ను పంపిస్తావా?' తర్వాత సంగీతం. తర్వాత, 'డారగ్ టాన్సీ. మీ కౌంటీ, మీ గొంతు.' ఫీలిమ్ ఫోన్ చేసి ఆపమన్నాడు. ఈడీన్ ఎవర్నో పిలిచింది, టాన్సీయే వచ్చాడు.

"టామ్! మీకు తెలుసా, జనం ఇంకా మెసేజులు పెడుతూనే ఉన్నారు. సగం మంది మిమ్మల్ని ఉరి తీయమంటున్నారు, సగం మంది భుజం తడుతున్నారు. ఇలాంటిది ఏడాదికొకటి దొరకదు."

"తీసేయండి సార్. ఆవిడ విన్నది."

అవతల కుర్చీ కిర్రుమంది. సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాడు ఫీలిమ్.

"విన్నదా?" అన్నాడు టాన్సీ. "నిజంగా? అయితే రేపు ఆవిడని లైన్లోకి తెద్దాం. మీరిద్దరూ, మధ్యలో నేను. ఏమంటారు?"

రేడియో ట్రాక్టరులోంచి ఊడివచ్చింది అప్పుడే.

కాంటీనులో గస్ మోరన్ అతన్ని చూసి, "టామ్ గారికి నాలుగు దుంపలు ఎక్కువ వేయమ్మా, రోస్‌కామన్ నుంచి వచ్చారు," అన్నాడు. బల్లంతా నవ్వింది. ఫీలిమ్ పళ్లెం అక్కడే వదిలేసి బయటికొచ్చేశాడు. గస్ వెనకే వచ్చి లారీల మధ్య ఆపాడు.

"ఎద్దు దగ్గర పాలు పిండుతాడని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరెందుకురా?"

"నవ్వాడురా గస్. నేను మాట్లాడుతుంటే నవ్వాడు."

గస్ టోపీ సర్దుకుని లోపలికెళ్లిపోయాడు.

పదకొండో నెల ముగిసింది. పన్నెండో నెల మొదటి రోజున ఏటిమడి గేటుకి తాళం పడింది. కొత్త తాళం, గొలుసు కూడా కొత్తదే. వేసవి రాకుండానే అడవులు పెంచే కంపెనీ మనుషులు వచ్చి ఎర్రరంగు కర్రలు పాతారు. ఏ ఎండల్లోనూ లాయరు దగ్గరికి వెళ్లని బ్రైడీ ఈసారి పట్నం బస్సెక్కి వానలోనే వెళ్లొచ్చిందని మజెల్లాకి కొట్లో చెప్పారు. ఆకురాలు కాలానికల్లా అక్కడ ఫర్ అనే కలప చెట్ల మొక్కలు లేచాయి. అవి పెరిగితే కింద గడ్డిపరక కూడా మొలవదు. ఫీలిమ్ మందని సంతకి తోలుకెళ్లి, వేలం గట్టు వైపు చూడకుండా నిలబడి అమ్మేశాడు. ఖాళీ కొట్టంలో ఇప్పటికీ పొద్దున్నే పోయి నిలబడతాడు, ఎందుకో అతనికీ తెలియదు.

అక్కడ నిలబడి ఉండగానే ఒకరోజు ఫోన్ మోగింది.

"టామ్ గారాండీ? నేను ఈడీన్‌ని, రేడియో నుంచి. అడవుల కంపెనీలు చిన్న రైతుల భూములు మింగేస్తున్నాయని రేపు కార్యక్రమం పెడుతున్నాం. టాన్సీ గారు మిమ్మల్నే అడగమన్నారు. మీరయితే బాగా మాట్లాడతారని."

ఫీలిమ్ ఖాళీ గాడి మీద చెయ్యి పెట్టాడు.

"హలో? పోనీ ఒక్క మాట చెప్పండి, రాసుకుంటాను. మీ చుట్టుపక్కల ఏమైనా పోయిందాండీ?"

"పోయింది."

"ఎంతండీ?"

"తొమ్మిది ముప్పాతిక ఎకరాలు."