కందనకాయ ఎవరిది?

కాకమెగా కాలేజీలో ఏళ్ళ తరబడి తాత్కాలిక పంతులమ్మగానే నెట్టుకొస్తోంది నంజాలా. మర్నాడు పెద్దల ముందు తన పని చెప్పి మెప్పిస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే మూటాముల్లే సర్దుకోవడమే.

ఆమె పనేమంటారా? ఇంకా ఎవరూ తయారుచెయ్యని స్ఫటికాన్ని కంప్యూటర్లో కట్టి, అది నిలుస్తుందో కూలుతుందో లెక్కగట్టడం. పాడు స్ఫటికం, ఒక లెక్కలో కుదురుగా నిలబడింది, ఇంకో లెక్కలో చిటికేస్తే కూలిపోతానంది. తప్పెక్కడుందో తెలియక నంజాలాకు ముద్ద దిగడం లేదు.

ఆ మధ్యాహ్నం భోజనాల బల్లమీద కోడికూర పెట్టారు. వాళ్ళ ఆచారంలో కోడి కోస్తే కందనకాయ అక్కడున్న పెద్దవాడిదే, అందులో తిరుగులేదు. చిక్కేమిటంటే బల్లకు ఈ కొసన ప్రొఫెసర్ ఖయెంబా, ఆ కొసన ప్రొఫెసర్ మకోఖా. పళ్ళెం సరిగ్గా నడుమ.

"తీసుకోరా, పెద్దవాడివి," అన్నాడు ఖయెంబా.

"ఎవడ్రా పెద్ద? పెద్దరికం సున్నతినుంచే లెక్కయితే, ఇద్దరికీ ఒకే పొద్దున కదూ! నువ్వు ఏడ్చావు కూడా."

"ఏడ్చింది నువ్వు!"

"మీ మర్యాదలు తెమిలేలోపు కోడి మళ్ళీ గుడ్డయిపోయేలా ఉంది," అంటూ పక్కనున్న తోటి పంతులు బరాసా ఉప్పుకోసం చెయ్యి చాచాడు. మోచెయ్యి తగిలి పళ్ళెం రవ్వంత ఖయెంబా వైపు జరిగింది. అంతే, కందనకాయ మాయం!

మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద చేతిలో ఉండగానే నంజాలా లేచి నిలబడింది. తన స్ఫటికంలోని అణువులూ అంతే! ముచ్చటపడి మరీ నట్టనడుమ కూర్చోబెట్టింది వాటిని. అటూ ఇటూ సమంగా లాగుతుంటే కదలక ఆగిపోయాయి గానీ, అది కుదురుకోవడమా?

"చెయ్యి కడుక్కోవే తల్లీ!" బరాసా కేక ఆమెకు వినపడనే లేదు.

అణువుల్ని వెంట్రుకవాసి పక్కకు జరిపి, లెక్క మళ్ళీ మొదలుపెట్టింది. తెల్లారేసరికి అవి ఓ పక్కకు ఒరిగి హాయిగా సర్దుకున్నాయి. తట్టి చూసినా కూలలేదు.

"నడుమనున్నదాన్ని పక్కకు నెట్టాలని నీకెలా తట్టింది?" పరీక్షలో మకోఖా అడిగాడు.

"నిన్నటి మీ కందనకాయ చెప్పింది సార్."

గదంతా ఘొల్లున నవ్వింది. ఉద్యోగమూ వచ్చింది.

ఆ సంతోషంలో చేసిన విందులో ఇద్దరు ప్రొఫెసర్లూ కలిసి కందనకాయ పళ్ళేన్ని ఆమె ముందుకే జరిపారు.

"ఆడవాళ్ళు తినరాదంటారు కదా సార్?"

"అన్నవాళ్ళకి ఫిజిక్సు రాదులే," అన్నాడు ఖయెంబా.

ఆమె చటుక్కున అందుకుంది. మకోఖా నోరు తెరిచాడు. "మర్యాదకైనా ఒక్కసారి వద్దనవేం?"

"అంటే మళ్ళీ నడుమ ఇరుక్కుంటుంది సార్," అంటూ నోట్లో వేసుకుంది.