హారతి తర్వాత కేక

నేను ఒక క్యాసెట్‌ని. ఒకప్పుడు ఆల్బం అని కూడా అన్నారు లెండి.

నన్ను కన్నది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లోని నలుగురు కుర్రాళ్లు. కడుపులో బాధను సాగదీసి పాడే బ్లూస్‌నూ, చెవులు చిల్లులు పడే రాక్‌నూ కలిపి వాయించేవారు. నేను వాళ్ల తొలిచూలు. పాడేవాడు రమాకాంత్. బ్లూస్ అంటే నీలం, తన ఆస్తి కంఠం అని లెక్కేసి, బృందానికి ‘నీలకంఠ’ అని పేరు పెట్టాడు. అట్ట మీద నీలిరంగు గొంతు బొమ్మ కూడా వేయించాడు. తెలివి మరీ ఎక్కువైతే ఇంతే.

"కార్తీకం పోయేలోపు ఎవరన్న కొంటే పాడుకో. లేకుంటే నోరు మూసుకొని పని జూస్కో" అన్నాడు రమాకాంత్ తండ్రి.

సుల్తాన్‌బజార్‌లో క్యాసెట్ల దుకాణం గంగాధర్ నా అట్ట చూసి, కళ్లకద్దుకుని, శివుడి పాటల వరసలో సర్దాడు. మొదటి సోమవారానికే మేమంతా అమ్ముడుపోయాం. ఆ వారం రమాకాంత్ కాళ్లు నేల మీద లేవు.

నన్ను కొన్న మాణిక్యాంబ గారు దీపం వెలిగించి, చేతులు జోడించి, టేప్‌రికార్డర్ నొక్కారు. గిటారు గర్జించింది. రమాకాంత్ కేక పెట్టాడు.

"ఏమండీ, శివుడికి ఏమైందండీ?"

"గరళం ఇప్పుడే మింగినట్టున్నాడు. కాసేపాగు, సర్దుకుంటుంది" అన్నారు భర్త, పేపరు దించకుండానే.

సర్దుకోలేదు.

"అన్నా, అన్నీ పోయినయంట గదా?" అంటూ రమాకాంత్ దుకాణానికి పరిగెత్తాడట.

"పోయినయ్ తమ్మీ. మళ్ల వచ్చినయ్ గూడ."

నేనొక్కదాన్నే తిరిగి వెళ్లలేదు. మాణిక్యాంబ గారు దేన్నీ వృథా పోనివ్వరు. పాటలు చెరపకుండా నా నెత్తి మీద పెట్టిన చిల్లులకు కాగితం అంటించి, పాత పాటల మీదే తమ మండలి భజనలు ఎక్కించి, గుడికి సమర్పించారు. రమాకాంత్ పాటలన్నీ చెరిగిపోయాయి. భజన కొంచెం ముందే ముగియడంతో, చిట్టచివరి కేక ఒక్కటి నాలో మిగిలిపోయింది.

రోజూ హారతి పాట కాగానే ఆ కేక. పూజారి గారు గంట గట్టిగా వాయించి కప్పిపుచ్చేవారు. ఈమధ్య మైకుసెట్టుకు కొత్త మనిషి వచ్చాడు. తండ్రి మాట ప్రకారం పని చూసుకుంటున్న రమాకాంతే. మొదటిరోజు కేక వినగానే కొయ్యబారిపోయాడు.

"ఎవడయ్యా ఆ అరిచేది?" అన్నారు పూజారి గారు.

"తెల్వదు పంతులుగారూ."

"అదొచ్చేలోపే ఆపెయ్ నాయనా. పిల్లలు జడుసుకుంటున్నారు."

కేకకు ముందు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో అతనికి తెలుసు. సరిగ్గా అక్కడ మీట నొక్కుతాడు. ఇంతవరకూ ఒక్కరోజు కూడా తప్పలేదు.