పద్నాలుగో ఫారం

తమ్ముడి బట్టలు మడిచి సంచిలో పెడుతూ, పైన జానెడు చోటు ఖాళీగా వదిలింది అక్క. మూడు చొక్కాలు, ఉన్ని కోటు, గడ్డం గీసుకునే సామాను, జ్వరం మాత్రలు. మాత్రలను మూడోసారి లెక్కపెట్టి, మళ్ళీ అడుగుకు తోసింది.

"ఆ ఖాళీ ఎందుకు?" బూటు లేసులు ముడేసుకుంటూ అడిగాడు తమ్ముడు.

"నీ పుస్తకానికి. కుట్టు ఊడి చేతికొస్తోందిగా. సాయంత్రం బస్సు వేళకి కొత్తగా కుట్టి తెస్తాను."

"తెద్దువుగానీ, ఆ మొహం కాస్త మార్చవే. నేను ఊరెళ్తున్నాను, యుద్ధానికి కాదు."

"బస్సెక్కేవాళ్ళంతా అలాగే అంటారు."

ఆవిడకు బస్టాండంటే పడదు. వారంలో వచ్చేస్తానని సంచి పట్టుకుని వెళ్ళిన భర్తకు, ఇరవై రెండేళ్ళయినా ఆ వారం పూర్తి కాలేదు.

తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏళ్ళు ఒక గోదాము గేటు దగ్గర కాపలా ఉన్నాడు. లారీ వస్తే తియ్యడం, పోతే ముయ్యడం. మొన్ననే ఉద్యోగం అయిపోయింది. కొండల అవతల ఎవరో ముప్పై కుటుంబాలవాళ్ళు కలిసి కొత్తగా ఊరు కట్టుకుంటున్నారట. పొలం అందరిదీ, వంట వంతులవారీ, యజమాని లేడు, గేటు లేదు. ఆ చివరి మాట వినే బయల్దేరాడని అక్క అనుమానం.

అసలు వాడికి ఆ పిచ్చి పట్టించింది ఆవిడ కుట్టిన పుస్తకమే.

గ్రంథాలయం వెనకగదిలో చిరిగిన పుస్తకాలు విప్పి కుట్టడం ఆవిడ పని. జిగురు అంటి అంటి వేళ్ళ కొనలు గట్టిపడి మెరుస్తుంటాయి. బడిలో చదివింది మూడేళ్ళే. మిగతా చదువంతా ఆ బల్ల మీద విడిపోయిన కాగితాలతోనే. చాలా నవలలు మధ్యలోంచి మొదలుపెట్టి, తర్వాతెప్పుడో మొదటికి వచ్చింది. మనుషులు బాగుపడిన లోకాల నవలలకు నీలం గుడ్డ అట్ట, చెడిపోయిన లోకాల నవలలకు బూడిద రంగు గుడ్డ అట్ట వేయడం అక్కడి పద్ధతి. రెండు అరలూ ఆవిడకు ఇష్టమే గానీ, రెంటి మీదా ఫిర్యాదులున్నాయి. నీలం లోకాల్లో ఎవరూ గిన్నెలు తోమరు. బూడిద లోకాల్లో ఉప్పు అప్పడగడానికి పక్కిల్లుండదు.

తమ్ముడిది బూడిద రంగు పుస్తకం. గోడ కట్టిన నగరం, నిద్ర లేవడానికీ నవ్వడానికీ గంట కొడతారు. ఆఖరి పదహారు పేజీల్లో మాత్రం కథ చెప్పేవాడు తలుపు తోసుకుని బయటపడి, పచ్చటి పొలంలో పనివాళ్ళ పక్కన భోజనానికి కూర్చుంటాడు. ఆ పేజీలు తమ్ముడికి కంఠతా వచ్చు. "అంత చీకట్లోంచి ఈ వెలుగు ఎలా లాక్కొచ్చాడే!" అని రాసినవాణ్ణి తెగ మెచ్చుకునేవాడు. వాడి మోజు చూసి, బాగా నలిగిపోయిన ఆ పుస్తకాన్ని గ్రంథపాలకుడు వాడికే ఇచ్చేశాడు.

ఆ ఉదయం ఆవిడ పాత దారాలు కత్తిరించి, పద్నాలుగు ఫారాలూ బల్ల మీద పరిచింది. ఫారమంటే పదహారు పేజీల మడత. ఒక్కోదాని మొదటి పేజీ అడుగున అచ్చువాళ్ళు ఫారం అంకె, పక్కన చీమంత అక్షరాలతో పుస్తకం పేరు వేస్తారు. ఆవిడ ఎప్పుడూ అంకె చూసి కుట్టేసేది. పోయిన నెల కొత్త కళ్ళద్దాలు వచ్చాయి కాబట్టి, ఆ వేళ పేరు కూడా చదివింది. పద్నాలుగో ఫారం మీద ఉన్నది వేరే పుస్తకం పేరు.

నీలం అరలోంచి ఆ రెండో పుస్తకం తీసి, 209వ పేజీ తెరిచింది. అవే అక్షరాలు, అదే కాగితం, అందులోనూ కథ చెప్పేది ఎవరో "నేను". హాయిగా సాగిన ఆ నవల చివర, ఎవరూ చెప్పకుండానే అతను తలుపు మూసి, తాళంచెవి నడుముకు కట్టుకుని కాపలా కూర్చుంటాడు. ఆ ముగింపు మీద పాఠకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. "ఎంత లోతు!" అనేవాడు గ్రంథపాలకుడు.

లోతూ లేదు, పాడూ లేదు. కప్పు కారి రెండు పుస్తకాలూ తడిసిపోతే ఆరబెట్టి, ఒకదాని ఆఖరి ఫారం ఇంకోదానికి కుట్టింది తనే. భర్త వెళ్ళిన వారం అది. చేతులు పని చేశాయి, చూపు వీధి తలుపు మీద ఉంది.

గ్రంథపాలకుడు తొంగిచూశాడు. "ఏమ్మా, అలా కొయ్యబారిపోయావ్?"

"కథ చివర తప్పని మీకు తెలిసిందనుకోండి. దాన్ని నమ్ముకున్నవాడికి చెప్తారా?"

"చివర చెప్పేస్తే చందాదారులు నా పీక పట్టుకోరూ!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

చెబితే వాడు ఆగిపోతాడేమో. ఆగితే ఇంట్లో ఇంకో మనిషి దగ్గు వినిపిస్తుంది. తనకది ఎంత కావాలో తెలిసేసరికి ఆవిడకు తన మీదే భయం వేసింది. చెప్పకపోతే తన చేతి తప్పును పట్టుకుని వాడు కొండలు దాటిపోతాడు. సూదిలో దారం మూడుసార్లు జారింది. నాలుగోసారి ఎక్కాక, నీలం పుస్తకంలోంచి విప్పిన అసలు ఫారాన్ని వాడి పుస్తకం చివర కుట్టేసింది.

బస్టాండులో పుస్తకాన్ని తనే సంచిలో పెట్టింది. జానెడు ఖాళీ సరిగ్గా సరిపోయింది.

"ఒరేయ్, ఆఖరి పేజీలు మళ్ళీ చదువు."

"కంఠతా వచ్చినవి మళ్ళీ చదవడమేంటే?"

"చదవమన్నానా! చదివాక రావాలనిపిస్తే వచ్చెయ్. నేను తలుపు గడియ వెయ్యను."

"దొంగలు పడతారే తల్లీ! ముప్పై ఏళ్ళు కాపలా కాసినవాణ్ణి చెప్తున్నా, వేసుకో."

బస్సు మలుపు తిరిగాక కూడా ఆవిడ చెయ్యి ఊపుతూనే ఉంది.

నీలం పుస్తకానికి దాని ఫారం మర్నాడే కుట్టాల్సింది. వాడు వస్తే ఏ ముగింపు కావాలో అడిగి కుడదామని ఆపింది. రెండో నెలలో ఉత్తరం వచ్చింది: "సాయంత్రాలు అందరం కూర్చుని నీ పుస్తకం రోజుకి రెండు పేజీలు పైకి చదువుకుంటున్నాం. సగానికొచ్చాం. చివరేంటో చెప్పమని పిల్లలు ప్రాణం తీస్తున్నారు. నేను చెప్పడం లేదు. ఇక్కడ గిన్నెలు తోమేది ఎవరో తెలుసా? నేనే. గడియ వేసుకుంటున్నావా?"

తమ్ముడు తిరిగి రాలేదు. వెళ్ళిన మూడో నెల పదకొండో తారీఖున, జ్వరం వచ్చి, అక్కడే పోయాడు. అప్పటికి ఎన్నో పేజీలో ఉన్నారో ఎవరూ రాయలేదు. పద్నాలుగో ఫారం, అంచున రెండు వరసల సూది రంధ్రాలతో, ఆవిడ బల్ల సొరుగులోనే ఉంది.