గుప్పుమనే సీసాలు

జలుబు తగ్గి నెల దాటినా నా ముక్కుకి వాసన తిరిగి రాలేదు. ఏం తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉంది. పక్కనే పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే పేపరు చదువుతూ కూర్చున్నానని, మా ఆవిడ నన్ను ముక్కు డాక్టరు దగ్గరికి ఈడ్చుకొచ్చింది.

డాక్టరుగారికి తెలియనిది లేదు. వాసన జలుబుతో పోవచ్చట, ముక్కులో కండ పెరిగి పోవచ్చట, తలకి దెబ్బ తగిలి పోవచ్చట, వయసు మీదపడీ పోవచ్చట.

"కొందరికి మెల్లమెల్లగా పోతుందండీ. పోయిన సంగతి వాళ్ళకే తెలియదు, పాపం!" అని జాలిపడ్డారు కూడా.

తర్వాత పరీక్ష. కాఫీ, లవంగం, సబ్బు అని పేర్లు రాసి అంటించిన మూడు సీసాలు తీశారు. ఒక్కొక్కటీ ముందు తన ముక్కు దగ్గర పెట్టుకుని, "అబ్బ, గుప్పుమంటోంది!" అని మురిసిపోయి నాకిచ్చారు. నాకు మూడింట్లోనూ వట్టి గాలే.

"పూర్తిగా పోయింది," అని తేల్చేశారు.

ఎవరి మాటా ఊరికే నమ్మే అలవాటు మా ఆవిడకి లేదు. సీసాలు లాక్కుని తనూ వాసన చూసింది. "వీటిలో ఏ వాసనా లేదు కదండీ?"

తలుపు దగ్గరున్న నర్సు నిట్టూర్చింది. "పాతబడ్డాయి, మారుద్దామని రెండేళ్ళుగా మొత్తుకుంటున్నానమ్మా. గుప్పుమంటున్నాయిగా అంటారు సారు."

డాక్టరుగారు తలెత్తకుండా నా మందులు రాస్తున్నారు.

"మీక్కూడా ఒక చీటీ రాసుకోండి సార్," అన్నాను. "ఇద్దరం కలిసే వాడదాం."